యాత్రా వాహనములలో గ్యాసు బండ

కోతలు ముగిసి, ధాన్యము గాదెలకో మిల్లులకో చేరి, చేతికి నాలుగు రూకలు వచ్చిన పిమ్మట మన కోస్తా గ్రామములలో యాత్రల మాట బయలుదేరుట చిరకాలపు వాడుక. వైశాఖమున జొన్నవాడ కామాక్షమ్మ ఉత్సవములు, పెంచలకోన నరసింహస్వామి దర్శనము, కార్తికమున మైపాడు సముద్రస్నానము, చలికాలమున శబరిమల, ఏడాది పొడుగునను తిరుమల. మొహర్రము మాసమున నెల్లూరు స్వర్ణాల చెరువు నొద్ద జరుగు రొట్టెల పండుగకు అన్ని మతములవారును పోవుదురు. పదిమందియో పదునైదుగురో కలిసి ఒక వాను మాట్లాడుకొందురు. బియ్యము, పప్పు, ఊరగాయ జాడీలు, వంటపాత్రలు, పడకలు అందులో చేర్తురు. అన్నిటి వెనుక, కడపటి వరుస బల్లక్రింద, ఒక గ్యాసు బండను అడ్డముగా పండుకొనబెట్టి, దానిపై బియ్యపు మూట వేసి తలుపు బిగింతురు. ఆ బండ సంగతియే నేడు మన సంఘ సభ్యుల యెదుట పెట్టదలచితిమి.

యాత్రలు వలదని మా అభిప్రాయము కాదు. దారిలో చెట్టుక్రింద వండుకొని తినుట తప్పనియు మేము చెప్పము. పూటకూటి యిండ్ల వెల లెక్కించినచో, పిల్లలతోను వృద్ధులతోను పోవు కుటుంబమునకు స్వయంపాకము ఎంత యుపకారమో మాకు తెలియును. మా వాదమంతయు ఒక్కటే. మనుష్యులు కూర్చుండు మూసిన గదిలో గ్యాసు బండ ప్రయాణము చేయరాదు. తప్పనిసరియైనచో, ఏ విధముగా పోవలయునో ఆ విధముననే పోవలయును గాని, మూటలతోపాటు మూటవలె పోరాదు.

ముందుగా బండలోనున్న వస్తువు ఎట్టిదో తెలిసికొందము. మన యిండ్లకు వచ్చు బండలో 14.2 కిలోల గ్యాసుండును. హోటళ్ల బండలో 19 కిలోలు, చిన్న బండలో 5 కిలోలు. అది ప్రొపేను, బ్యూటేను అను రెండు వాయువుల మిశ్రమము. ఒత్తిడిచే ద్రవముగా మార్చి బండలో నింపుదురు. బండను నిండార నింపక, వేడికి ద్రవము పొంగుటకై పైన కొంత చోటు విడుతురు. ఆ చోట నుండునది ఆవిరి. బండ నిలువుగా నున్నప్పుడు మూతిచెంత నుండునది ఆ యావిరియే. పండుకొనబెట్టినప్పుడు మూతిచెంతకు ద్రవమే వచ్చును. అప్పుడు మూతి కొంచెము సడలినను బయటకు వచ్చునది ద్రవము. ఆ ద్రవము గాలి తగిలినంతనే సుమారు 250 రెట్లు పెరిగి ఆవిరియగును. కనుక నిలిచిన బండ కారుటకును, పండిన బండ కారుటకును ఎంతో భేదము కలదు. బండను నిలువుగా నుంచుమని పెద్దలు చెప్పుట చూపునకు అందము కొఱకు కాదు.

ఈ యావిరి గాలికంటె బరువైనది. పొగవలె పైకిపోదు. నీటివలె పల్లమునకు ప్రాకును. వానులో కిటికీలు పైభాగమున నుండును గదా! వాని నన్నిటిని తెఱచియుంచినను, బల్లల క్రింద చేరిన ఆవిరి సులభముగా పోదు. గ్యాసునకు సహజముగా వాసన లేదు. మనము పసిగట్టుటకై మెర్కాప్టాను అను దుర్గంధ ద్రవ్యమును దానిలో కలుపుదురు. కాని పూలమాలలు, అగరువత్తులు, పులిహోర, ఎండుచేపలు అన్నియు కలిసిన యాత్రావాహనములో, నిద్రించు జనులలో, ఆ వాసనను ఎవరు కనిపెట్టుదురు?

ఇక లెక్క చూడుడు. గాలిలో ఈ వాయువు నూటికి సుమారు 2 పాళ్లు కలిసినచాలు, నిప్పురవ్వ తగిలిన వెంటనే మండును. పదునైదుగురు కూర్చుండు వానులోపల సుమారు 15 ఘనమీటర్ల చోటుండుననుకొందము. అందులో నూటికి 2 పాళ్లనగా 0.3 ఘనమీటరు. ఆ మాత్రపు గ్యాసు తూకము ముప్పాతిక కిలోకు మించదు. బండలోని 14.2 కిలోలలో అది సుమారు ఇరువదవ వంతు మాత్రమే. అదియును వానంతయు సమముగా వ్యాపించినచో చెప్పిన లెక్క. ఆవిరి అడుగుననే చేరును గావున, అంతకంటె తక్కువయే అపాయమునకు చాలును. నిప్పురవ్వ యెక్కడనుండి వచ్చుననరాదు. బీడీ, దీపపు మీట, వదులైన విద్యుత్తు తీగ, ఇంజను తిప్పు మీట, ఇవి లేని వాహనమేది?

ఇది కేవలము ఊహ కాదు. 2023 ఆగస్టు 26వ తేదీ తెల్లవారుజామున మధురై రైల్వేస్టేషను సమీపమున నిలిచియున్న యాత్రికుల రైలుపెట్టెలో మంటలు చెలరేగి 9 మంది మరణించిరి. వారు లక్నోనుండి దక్షిణదేశ క్షేత్రములు చూడవచ్చినవారు. నియమమునకు విరుద్ధముగా గ్యాసు బండను పెట్టెలోనికి తెచ్చుకొని, దానిపై కాఫీ, తేనీరు కాచుకొనబోగా ప్రమాదము జరిగెనని రైల్వే అధికారులు ప్రకటించిరి. ఆ పెట్టె కదలుచుండలేదు. ఏ బండితోను ఢీకొనలేదు. భక్తితో బయలుదేరినవారు, మనవలెనే ఖర్చు తగ్గించుకొందమని వంటసామగ్రి వెంట తెచ్చుకొన్నవారు, ఆ విధముగా పోయిరి. రైలులో మండు స్వభావముగల వస్తువులను కొనిపోవుట 1989వ సంవత్సరపు రైల్వే చట్టము ప్రకారము నేరము. మూడేండ్లవఱకు శిక్ష కలదు. రైలులో నేరమైనది వానులో పుణ్యమగునా? ఇనుప పట్టాలమీద మండు వస్తువు తారురోడ్డుమీద మండకుండునా?

మఱియొక సంగతి. 2023 ఏప్రిల్ 12వ తేదీన ఖమ్మముజిల్లా చీమలపాడులో ఒక సభ సందర్భమున కాల్చిన బాణసంచా పూరిపాకపై పడి అది అంటుకొనెను. లోపలనున్న గ్యాసు బండ ఆ వేడికి ప్రేలి, చుట్టుప్రక్కలనున్నవారిలో కొందఱి ప్రాణములు పోయెను. పలువురు గాయపడిరి. బండ తనంతట తాను కారకపోయినను, ప్రక్కనున్న మంట చాలునని దీనివలన తెలియుచున్నది. రోడ్డుప్రమాదమువలననో, తీగలు కాలుటవలననో వానులో చిన్నమంట పుట్టినచో, బండ లేని వానులోని జనులు దిగి బయటపడుటకు కొంత వ్యవధియుండును. బండ యున్న వానులో ఆ వ్యవధియే యుండదు. బండ ప్రమాదమునకు కారణము కాకపోవచ్చును. కాని ఏ ప్రమాదమునైనను అది పెద్దదిగా చేయును. మేము అన్నిటికంటె ముఖ్యముగా గ్రహింపుడని కోరునది ఇదియే.

యాత్రలేగాక, మన ప్రాంతపు నిత్యవ్యవహారములోను ఈ యజాగ్రత్త కలదు. కాలువగట్ల ప్రక్క పల్లెలవారు, రొయ్యల గుంటల కావలివారు, బండను మోటారు సైకిలు వెనుక అడ్డముగా కట్టి గట్లవెంబడి తెచ్చుకొనుచున్నారు. గ్యాసు బండల నియమావళి 2016లో సైకిలుమీదగాని, మోటారుతో నడచు రెండుచక్రముల బండిమీదగాని నింపిన బండలను కొనిపోరాదని స్పష్టముగా నున్నది. బండ వాహనపు ప్రక్కలకుగాని కొనలకుగాని మించి బయటకు పొడుచుకొని రారాదు. కదలకుండ, ఒకదానితో నొకటి కొట్టుకొనకుండ, పడకుండ బిగించియుంచవలయును. గ్యాసు ద్రవముగానుండు బండను ఎల్లప్పుడు నిలువుగానే యుంచవలయును. ఇవి పట్టణపు వ్యాపారుల కొఱకే వ్రాసిన నియమములని మనవారి భ్రమ. బండ ఎవరిదో, రోడ్డు ఎవరిదో ఆ గ్యాసు విచారింపదు గదా!

సముద్రతీరమున నుండు మనకు ఇంకొక చిక్కు గలదు. ఉప్పుగాలి ఇనుమును తినును. గుంటలచెంత పాకలలోను, చేపలవేటకు పోవు పడవలలోను ఉంచిన బండలకు అడుగుకట్టు త్వరగా తుప్పుపట్టును. అడుగు తిన్నగాలేని బండ వాహనములో నిలువదు, ఒరిగిపోవును. తుప్పుపట్టి పొలుసులు రాలు బండను, సొట్టపడిన బండను తీసికొనక తిరిగి పంపుట మన హక్కు. బండ మెడచుట్టునుండు రేకుపై ఒక అక్షరము, రెండంకెలు వ్రాసియుండును. అది తిరిగి పరీక్షింపవలసిన గడువు. ఎ అనగా జనవరి మొదలు మార్చి వఱకు, బి అనగా జూను వఱకు, సి అనగా సెప్టెంబరు వఱకు, డి అనగా డిసెంబరు వఱకు. అంకెలు సంవత్సరమును తెలుపును. బి 28 అని యున్నచో 2028 జూను కడపటి వఱకు ఆ బండ చెల్లును. ఎరువుల బస్తామీద తూకము చూడక పుచ్చుకొనని రైతు, బండమీద గడువు చూడక పుచ్చుకొనుట ఏమి న్యాయము?

మేమీమాట చెప్పినప్పుడు సభ్యులు మూడు సమాధానములు చెప్పుచుందురు. మొదటిది: ఇరువదియేండ్లనుండి ఇట్లే పోవుచున్నాము, ఏమియు కాలేదుగదా యని. తుపాను రాని యేటిని చూచి కరకట్ట వలదనువాడు మన తీరమున ఎవడైన నున్నాడా? కానిదినములన్నియు మన తెలివివలన గడచినవి కావు. బండ మూతిలోని స్ప్రింగు, రబ్బరు ఉంగరము సరిగా పనిచేయుటవలన గడచినవి. ఆ రబ్బరు ఉంగరము ఒకనాడు పగులును.

రెండవది: గ్యాసు మీట త్రిప్పి ఆపితిమి, భయమేమి యని. రెగ్యులేటరు మీట ఆపుట చాలదు. బండ మూతిలో ఒక చీల గలదు. రెగ్యులేటరు తగిలించినప్పుడు ఆ చీల క్రిందికి నొక్కబడి దారి తెఱచుకొనును. రెగ్యులేటరు తీసివేసిన వెంటనే స్ప్రింగుచే దారి తనంతట మూసికొనును. రెగ్యులేటరును, గొట్టమును బండకే వ్రేలాడనిచ్చి ప్రయాణము చేసినచో, గతుకులలో ఏ బిందెయో దానికి తగిలి సడలుటకు అవకాశము కలదు. ప్రయాణమున బండ మూతిమీద రెగ్యులేటరు ఉండరాదు. దారముతో కట్టియుండు మూత బిగించియుండవలయును.

మూడవది: వేఱుగా బండిపెట్టుటకు సొమ్మెక్కడిది యని. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి సమాధానము చెప్పవలసినది సంఘమే గాని ఒంటరి రైతు కాడు. కాని ఒక్కొక్కరును వేఱువేఱుగా ఆలోచించుట మాని, అందఱును కలిసి ఆలోచించినచో మార్గములు లేకపోలేదు.

పాశ్చాత్య దేశములలో వంటయిల్లు, పడకగది గల వానులలో కుటుంబములు నెలల తరబడి తిరుగుదురు. వారును బండనే వాడుదురు. అయితే అక్కడ మంచి పద్ధతిలో చేసిన వానులో బండకు ప్రత్యేకమైన పెట్టె యుండును. ఆ పెట్టె తలుపు బయటివైపునకే తెఱచుకొనును. లోపలి గదికిని దానికిని సందుండదు. అడుగున ఒక రంధ్రముండి, కారిన గ్యాసు నేలమీదికి పోవును. బండను పట్టీలతో బిగింతురు. కదలునప్పుడు మూతిని కట్టుదురు. ఇందులో గొప్ప యంత్రవిద్య యేమియు లేదు. బరువైన ఆవిరికి క్రిందనుండి దారియిమ్ము, మనుష్యులనుండి వేఱుచేయుము, కదలనీయకుము అను మూడు సూత్రములే. మన వడ్రంగియు, మన కమ్మరియు వీనిని అమలుపఱుపగలరు.

కనుక సభ్యులకు మా సూచన లివి.

మొదటిది, అన్నిటికంటె మేలైనది, బండను వెంట తీసికొనిపోకుండుటయే. ఒక పూట ప్రయాణమైనచో ఇంటివద్దనే పులిహోర, దద్ధ్యోజనము వండి తీసికొనిపోవచ్చును. చాలదినములైనచో, 5 కిలోల చిన్న బండలు పెట్రోలు బంకులలోను, కొన్ని దుకాణములలోను దొరకును. ఇంటి చిరునామా రుజువు అవసరము లేకయే, గుర్తింపు పత్రము చూపి కొనవచ్చును. గమ్యస్థానమున కొని, అక్కడనే వాడి, ఖాళీదానిని మాత్రము తెచ్చుకొనవచ్చును. ఖాళీ యనుకొన్న బండలోను కొంత ఆవిరి మిగిలియుండునని మాత్రము మఱువరాదు. దానికిని మూత బిగింపవలయును.

రెండవది, నాలుగైదు వానులు కలిసి పోవునప్పుడు వంటసామగ్రికి ఒక చిన్న సరకు బండిని మాట్లాడవలయును. తొట్టి పైభాగము తెఱపియై యుండవలయును. డ్రైవరు గదిలో తప్ప మనుష్యులు అందులో ఎక్కరాదు. ఖర్చు తలకు పంచినచో భారము కాదు.

మూడవది, ఒక్కటే వాహనమై, బండ తప్పనిసరియైనచో, ఒక్కటే బండ, వీలైనంత చిన్నది కొనిపోవలయును. రెగ్యులేటరు తీసి, మూత బిగించి, మూతిచుట్టు సబ్బునీరు పూసి బుడగలు వచ్చునేమో చూడవలయును. అగ్గిపుల్ల గీచి చూచుట పరమ మూర్ఖత. బండను నిలువుగా, చెక్క చట్రములో నిలిపి, రెండుచోట్ల మోకుతో బిగింపవలయును. తలుపుప్రక్కనే యుంచవలయును గాని, బల్లల క్రిందను మూటల క్రిందను దాచరాదు. వాహనములో ఎవరును పొగత్రాగరాదు. రోహిణికార్తె యెండలో బండియుంచి తలుపులు మూసి దర్శనమునకు పోరాదు. దిగినప్పుడెల్ల మొదట బండను దింపి నీడన పెట్టవలయును. వాహనములోపల ఎంత వానవచ్చినను పొయ్యి వెలిగింపరాదు.

నాలుగవది, పెద్దబండనుండి చిన్నబండలోనికి గ్యాసును దొంగచాటుగా పట్టించువారియొద్ద కొనరాదు. ఎంత నింపవలయునో తూచు సాధనము వారికి లేదు. వేడికి పొంగుటకు విడువవలసిన చోటును వారు విడువరు. అట్టి బండ ఎండలో ప్రయాణము చేయుట మిక్కిలి అపాయకరము.

ప్రయాణమున గ్యాసువాసన తగిలినచో ఏమి చేయవలయునో ముందుగనే అందఱికిని చెప్పియుంచవలయును. బండిని జనులకు దూరముగా రోడ్డుప్రక్క ఆపి, ఇంజను ఆపి, మఱి యే మీటను ముట్టక, అందఱును గాలి వచ్చువైపునకు దిగిపోవలయును. తలుపులన్నియు తెఱచియుంచవలయును. మంటలేనప్పుడు మాత్రమే ఒకరు బండను బయటకు తెచ్చి తెఱపినేలపై నిలువుగా పెట్టి మూత బిగింపవలయును. చేతికి ద్రవము తగులనీయరాదు, అది మంటవలెనే చర్మమును చంపును. దూరముగా పోయిన పిదప ఫోనులో 1906 నంబరునకు తెలియజేయవలయును. ఆ నంబరు గ్యాసు కారుటను గూర్చి తెలుపుటకై దేశమంతట నొక్కటిగా నున్నది. బండకే మంట తగులుచున్నచో సామాను మాట తలపెట్టక దూరముగా పరుగెత్తి, 101 లేక 112 నంబరునకు పిలువవలయును. గుమిగూడి చూడరాదని జ్ఞాపకముంచుకొనుడు.

ఇక సంఘము చేయవలసిన పని. చెక్క చట్రములు రెండు, మోకులు, పొడిరసాయనముతో మంట నార్పు సాధనము ఒకటి, సంఘపు గిడ్డంగిలో నుంచి, యాత్రకు పోవు సభ్యులకు నామమాత్రపు బాడుగకు ఇచ్చుట కష్టము కాదు. కాలువగట్టు పల్లెలకు బండలు ఇంటియొద్దకు రాకపోవుటవలననే రైతు మోటారు సైకిలుమీద తెచ్చుకొనుచున్నాడు. ఆ పల్లెల పేర్లు, కుటుంబముల లెక్క వ్రాసి, వారమునకొక దినము నిర్ణయించి సరకు బండిలో చేర్పుమని గ్యాసు పంపిణీదారును సంఘము తరపున కోరవలయును. ఒంటరి రైతు అడిగినచో వినని మాట, వందమంది చేవ్రాళ్లతో పోయినచో విందురు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ రెండంశములను తీర్మానముగా పెట్టవలసినదని మా విజ్ఞప్తి.

1904వ సంవత్సరపు చట్టముతో మనదేశమున సహకార సంఘములు పుట్టినప్పుడు, గ్రామసంఘములలో అపరిమిత బాధ్యత యను నియమముండెను. ఒకని బాకీ అందఱి బాకీ. అందువలన ప్రతివాడును పొరుగువాని నడవడిని కనిపెట్టుచుండెను. అప్పుల విషయమున ఆ నియమము సడలినను, ఒక్క వానులో కూర్చున్న పదునైదుగురికి నేటికిని అదే నియమము చెల్లును. ఒకని యజాగ్రత్త అందఱి తలమీదికి వచ్చును. డ్రైవరు చూచుకొనునని వంటవాడును, వంటవాడు చూచుకొనునని పెద్దలును ఊరకుండుటవలన, కడకు ఎవరును చూడరు. బయలుదేరుటకు ముందు బండను చూచు భారమును పేరుపెట్టి ఒక్కరికి అప్పగింపుడు. వారు చూచి సరియన్న పిమ్మటనే కొబ్బరికాయ కొట్టి బండి కదలనిండు.